మిగులెక్కడుంది?

వ్యాయామశాల, వెనక గది
ఫిబ్రవరి 6

అక్కా,

కవరు మీద నా చేతిరాత చూసి కూడా చింపకుండా విప్పావంటే సగం పని అయినట్టే. ఫోన్ చేస్తే ఎత్తవని తెలుసు. తొమ్మిదేళ్ళలో నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ మోగి మోగి ఆగిపోయింది. అందుకే ఈ కాగితం.

సూటిగా విషయానికి వస్తాను. మా క్లబ్బుకి వచ్చే ఫిజియోథెరపిస్టు మొన్న మాటల్లో చెప్పాడు. పెద్దాసుపత్రిలో మనుషుల్ని కావాలని లావెక్కించి చూసే పరిశోధన ఒకటి జరుగుతోందట. అక్కడి వంటగదికి పెద్దదిక్కుగా ఒకావిడ ఉందట. గ్రాము తేడా వచ్చినా ప్లేటు వెనక్కి పంపుతుందట, డాక్టర్లు కూడా ఆవిడంటే భయపడతారట. ఆనవాళ్ళు చెబుతుంటేనే అది నువ్వని తెలిసిపోయింది.

నా దగ్గర ఒక శిష్యురాలుంది. బరువులెత్తే పిల్ల, పదిహేడేళ్ళు. ఇనుము ముట్టుకుంటే దూదిలా లేస్తుంది. ఇప్పుడు యాభై రెండు కిలోలుంది. ఆ బరువుకి యాభై అయిదు కిలోల విభాగంలో దిగాలి. అక్కడ వేరే క్లబ్బు పిల్ల ఒకతి ఉంది, దాన్ని కొట్టడం మా తరం కాదు. అదే నలభై తొమ్మిదికి దించితే ఈ పిల్లకి ఎదురే లేదు. జులైలో ఎంపిక పోటీలు. తగ్గాల్సింది మూడు కిలోలు. మూడే మూడు.

మా అసిస్టెంటు "కొవ్వు మాన్పించండి సార్, వెన్నా నూనే తగలకపోతే దానంతటదే కరుగుతుంది" అంటాడు. ఫిజియో ఏమో "కొవ్వు పాపం అమాయకురాలు, పిండీ చక్కెరా అసలు దొంగలు" అంటాడు. పేపర్లో ఒక ఆదివారం ఇది, ఇంకో ఆదివారం అది. నువ్వు రోజూ కళ్ళారా చూస్తున్నదానివి. ఏది ఎక్కువైతే మనిషి ఎక్కువ లావెక్కుతాడు? పిండా, కొవ్వా? ఒక్క మాట రాయి చాలు.

నా కూతురు బాగుంది. పిడుగు అని దానికి పేరు పెట్టింది నువ్వే కదా, ఇప్పటికీ అందరూ అలాగే పిలుస్తారు. పన్నెండో తరగతి. బాగా చదువుతోంది.

నీ తమ్ముడు

*

ఆసుపత్రి వంటగది, పక్కనున్న సామాన్ల గది
ఫిబ్రవరి 19

తమ్ముడికి,

తొమ్మిదేళ్ళ తర్వాత గుర్తొచ్చానంటే అది తిండి గురించే అయ్యుంటుందని విప్పకముందే అనుకున్నాను. అదే అయింది.

ఫోన్ ఎందుకు ఎత్తలేదో నీకు తెలుసు. అయినా రాస్తాను, ఒకసారి కాగితం మీదికి వస్తే నా కడుపులో బరువు తగ్గుతుందేమో. మరదలు పోయిన వారానికి, "పిల్లని కొన్నాళ్ళు నా దగ్గరుంచు, నువ్వు కుదుటపడ్డాక తీసుకెళ్ళు" అని అడిగాను. ఇంటినిండా జనం. వాళ్ళందరి ముందూ నువ్వు, "నీ దగ్గర పెరిగితే అదీ నీలాగే బస్తా అయి కూర్చుంటుంది" అన్నావు. అందరూ నవ్వారు. మూలన కూర్చుని ఏడుస్తున్న ఒకావిడ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎనిమిదేళ్ళ పిడుగు నా చెయ్యి పట్టుకుని ఉంది. అది మాత్రం నవ్వలేదు.

ఇక నీ ప్రశ్న. ఇక్కడ పన్నెండుమంది ఉన్నారు, అందరూ ఇష్టపడి వచ్చినవాళ్ళే. ఎవరికి రోజుకి ఎంత తిండి కావాలో ముందు లెక్క తేల్చారు. ఇప్పుడు అందరికీ దానికి ఒకటిన్నర రెట్లు పెడుతున్నాం. ఆ పైన పెట్టే సగం, ఆరుగురికి పిండీ చక్కెరా. మిగతా ఆరుగురికి వెన్నా మీగడా. రెండు వారాలు అయ్యాక నెల విరామం. ఆ తర్వాత వీళ్ళది వాళ్ళకి, వాళ్ళది వీళ్ళకి. ప్లేటు తుడిచినట్టు తినాలి. చెంచాకి అంటుకున్నది కూడా నేను తూస్తాను.

శ్వాస గది అని ఒకటుంది. గాలి కూడా అనుమతి లేకుండా లోపలికి పోదు. ఒక మంచం, ఒక కిటికీ, తొక్కడానికి కదలని సైకిలు. రోజంతా లోపల ఉంచి, పీల్చిన గాలీ వదిలిన గాలీ కొలిచి, ఒళ్ళు ఏం తగలబెడుతోందో ఏం దాస్తోందో చెబుతారు.

ఆ పన్నెండుమందిలో ఒక టాక్సీ డ్రైవరున్నాడు, అతనికి మొదట పిండి వంతు వచ్చింది. తొలిరోజు "ఇలాంటి ఉద్యోగం జీవితాంతం ఇవ్వండమ్మా" అన్నాడు. అయిదోరోజుకి జాము సీసా చూస్తే మొహం తిప్పుకుంటున్నాడు. "అమ్మా, ఒక్క రొట్టెముక్క వదిలేస్తే ఎవరికి తెలుస్తుంది?" అని బతిమాలతాడు. "నాకు తెలుస్తుంది నాయనా" అంటాను. చిన్నప్పుడు నన్ను తినొద్దని కొట్టారు. ఇప్పుడు ఇంకొకళ్ళని తినమని బతిమాలుతూ జీతం తీసుకుంటున్నాను. నవ్వొస్తే నవ్వు.

ఇంకా ఏదీ తేలలేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. మొదటి నాలుగు రోజుల్లో పిండి తిన్నవాళ్ళ కాటా ముల్లు ఎగిరి గంతేసింది. నేను గుండెలు బాదుకుంటే, ఈ పరిశోధన నడిపే డాక్టరమ్మ, "అదంతా కొవ్వు కాదండీ. ఒళ్ళు పిండిని దాచుకునేటప్పుడు దాంతోపాటు నీళ్ళూ దాచుకుంటుంది" అంది. కాబట్టి కాటా చెప్పేదంతా నమ్మకు. అది బరువు చెబుతుంది, ఏ బరువో చెప్పదు.

ఆ పిల్ల ఎవరి పిల్ల? రోజుకి ఏం తింటోంది? వాళ్ళమ్మకి తెలుసా ఈ సంగతి?

అక్క

*

వ్యాయామశాల, వెనక గది
మార్చి 15

అక్కా,

పాత విషయాలు తవ్వుతావని తెలుసు. ఆ రోజు నా భార్య పోయి వారం. మనిషి మనిషిలా ఉంటాడా? సరే, తప్పే. ఒప్పుకున్నాను. ఇక వదిలెయ్యి.

నువ్వు చెప్పకపోయినా నాకు జవాబు దొరికింది. పిండే! రొట్టె, అన్నం, బంగాళాదుంప, పళ్ళు, అన్నీ ఆపించాను. వారంలో కిలో ఆరువందల గ్రాములు దిగింది. మా అసిస్టెంటు నోరు వెళ్ళబెట్టాడు. ఆ తర్వాత కాస్త మొండికేసింది, పది రోజులుగా ముల్లు అక్కడే ఉంది. ఇప్పుడు వెన్నా నూనే కూడా తీసేశాను. రెండు తలుపులూ మూస్తే ఎటు పోతుంది?

తూకం దగ్గర నేను చాలా కచ్చితం. లేచిన వెంటనే, పళ్ళు కూడా తోముకోకముందే కాటా ఎక్కాలి. నోట్లో నీళ్ళు పోసుకుంటే అదొక పది గ్రాములు. రోజూ నేనే దగ్గరుండి చూసి నోటుబుక్కులో రాస్తాను. మంచి పిల్ల, కిమ్మనదు. తుంటి దగ్గర నొప్పి అంటోంది కొన్నాళ్ళుగా. కండరం పట్టేసి ఉంటుంది, ఈ ఆటలో ఇవి మామూలే.

నువ్వేమో ఎవరి పిల్ల, ఎక్కడి పిల్ల అని ఆరా తీస్తున్నావు. నేనడిగింది తిండి గురించి. వెన్న తిన్న ఆరుగురి సంగతేమిటో రాయి.

నీ తమ్ముడు

*

ఆసుపత్రి వంటగది
ఏప్రిల్ 2

ఒరేయ్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి అనుమానంతో. మూడోసారి ఒక్కో వాక్యం కింద వేలు పెట్టుకుని.

పరాయి పిల్ల పళ్ళు తోముకోకముందు ఎలా ఉంటుందో నీకెలా తెలుసురా? రోజూ నిద్రలేచిన వెంటనే ఆమె పక్కన కాటా పట్టుకుని నువ్వెందుకున్నావు?

అది పిడుగు కదూ.

నా మేనకోడలి గురించి నన్నే అడుగుతూ, "నా శిష్యురాలు" అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? పైగా కింద ఇంకో ముక్క. పిడుగు బాగుంది, బాగా చదువుతోందని. ఒకే పిల్లని రెండుగా కోసి రాశావు.

విను. ఆ కిలో ఆరువందలు కొవ్వు కాదు. చెప్పాను కదా, పిండితో పాటు నీళ్ళు దాగుతాయని. పిండి ఆపితే ఆ నీళ్ళు పోతాయి. నువ్వు నీ కూతుర్ని పిండి ఆరేసి, తగ్గిందని చప్పట్లు కొట్టావు. పది రోజులుగా ముల్లు కదలకపోవడం మొండితనం కాదు. ఒళ్ళు భయపడి తలుపులు వేసుకుంది.

ఇక్కడ రెండో విడత నడుస్తోంది. డ్రైవరుకి ఈసారి వెన్న వంతు. మీగడ గిన్నె ముందు పెట్టుకుని నిజంగా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు పెద్దమనిషి. "పోయినసారి ఒళ్ళంతా వేడిగా ఉండేదమ్మా, దుప్పటి కూడా అక్కర్లేకపోయేది. ఇప్పుడు అదీ లేదు, తిన్నది తిన్నట్టు ఎక్కడికో పోతోంది" అన్నాడు. అదే మాట చెబితే డాక్టరమ్మ మెచ్చుకుంది. పిండి ఎక్కువైతే ఒళ్ళు కాస్త గింజుకుంటుందట, కొంత వేడిగా తగలేస్తుందట. వెన్న చడీచప్పుడు లేకుండా నేరుగా గోదాములోకి పోతుందట. కానీ తేడా ఎంతో చివర్న చెబుతానంది.

ఇవన్నీ తిండి ఎక్కువైనవాళ్ళ కబుర్లు. పిడుగుకి వీటితో పనేముంది?

ఒకటి అడుగుతాను, సిగ్గుపడకు. దానికి నెలనెలా అవుతోందా? తండ్రివి, నీకు తెలియదు. అది చెప్పదు. నువ్వే అడుగు. తుంటి నొప్పి అన్నావు, డాక్టరుకి చూపించు. రేపే. ఎల్లుండి కాదు.

అక్క

*

ఇల్లు
ఏప్రిల్ 20

అక్కా,

అవును, పిడుగే. దాచాను. ఎందుకు దాచానో నీ ఉత్తరం చూసుకుంటే నీకే అర్థం కావాలి. పేరు తెలిసిన మరుక్షణం నీకు వెన్నా పిండీ పోయి, నాన్నా, ఆయన సరుకుల గోదాములో కాటా గుర్తొస్తాయని తెలుసు.

నేను నాన్నని కాదు. ఆయన నిన్ను తూచింది పదిమందిలో నవ్వులపాలు చెయ్యడానికి. నేను నా కూతుర్ని తూచేది పదిమందిలో గెలిపించడానికి. రెండూ ఒకటేనా? తల్లి లేని పిల్లని ఒంటిచేత్తో పెంచాను. జడ వెయ్యడం నేర్చుకున్నాను. అది ఇనుము ఎత్తుతుంటే హాలులో పెద్దపెద్ద మగాళ్ళు పని ఆపి చూస్తారు. అది నేను దానికి ఇచ్చింది.

నువ్వు అడిగింది అడిగాను. "అన్నీ బాగానే ఉన్నాయి నాన్నా" అంది. చాలా? ఆడపిల్లతో తండ్రి మాట్లాడాల్సిన మాటలా ఇవి?

ఒక మాటంటాను, కోపగించుకోకు. నువ్వు చిన్నప్పుడు నోరు కట్టుకోలేకపోయావు. తాళం వేసిన బీరువాలోంచి చక్కెరా వెన్నా మాయం చేసి తిన్నావు. అందుకని లోకంలో ఎవరూ కట్టుకోలేరని నీ నమ్మకం. నా కూతురు కట్టుకోగలదు. అది నీలా కాదు.

పోటీలు అయ్యేదాకా రాయకు. దాని ధ్యాస చెదురుతుంది.

తమ్ముడు

*

ఆసుపత్రి వంటగది
జూన్ 11

తమ్ముడికి,

రాయొద్దన్నావు. నెలన్నర ఆగాను. ఇక ఆగలేను.

నీ చివరి ఉత్తరంలో నన్నన్న మాటకి జవాబు నా దగ్గరుంది. ఇప్పుడు చెప్పను.

నీ ప్రశ్నకి మాత్రం జవాబు వచ్చింది. డాక్టరమ్మ మొన్న ఆ పన్నెండుమందినీ మళ్ళీ పిలిచి, వంటవాళ్ళనీ అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. మొదటి రోజుల్లో వెన్న కొంచెం ఎక్కువగా కొవ్వై చేరింది, పిండి కొంచెం తక్కువ. రెండో వారం ముగిసేసరికి ఆ తేడా తగ్గుతూ వచ్చింది. కాటా మీద చూస్తే ఇంచుమించు ఇద్దరూ ఇద్దరే. మా డ్రైవరు పిండితో పెరిగిందీ వెన్నతో పెరిగిందీ పక్కపక్కన పెడితే తేడా గుప్పెడు బియ్యమంత. "పన్నెండుమందిని చూసి లోకాన్ని తేల్చలేం. ఇక్కడ కనబడింది మాత్రం ఇది" అంది.

వాళ్ళలో ఒక సంగీతం మేష్టారు లేచి అడిగాడు, "అయితే ఇన్నాళ్ళూ మేం పడ్డ పాట్లకి ఫలితమేమిటమ్మా?" అని. "దేన్ని ఎక్కువ తిన్నా ఎక్కువేనండీ" అంది ఆవిడ. అందరూ గొల్లుమన్నారు. నేను నవ్వలేదు. నాకు నువ్వడిగిన ప్రశ్న గుర్తొచ్చింది.

ఏది ఎక్కువైతే అని అడిగావు. ఎక్కువ అంటే ఏమిటి? మనిషి ఖర్చు పెట్టుకోగా మిగిలింది. వీళ్ళు ఇక్కడ రోజంతా కూర్చుని పేకాడుకున్నారు, వీళ్ళకి మిగులుంది. పిడుగు రోజుకి నాలుగు గంటలు ఇనుము ఎత్తుతుంది. ఎదిగే వయసు. నువ్వు పెట్టేది ఎంతో నేను ఊహించగలను. దాని ఒంట్లో మిగులెక్కడుందిరా? ఒళ్ళు ఖర్చు ఆపదు. బయటినుంచి రాకపోతే లోపల్నుంచి తీసుకుంటుంది. ఎక్కడ్నుంచి తీస్తోందో నీకు చెప్పి తియ్యదు.

పోటీలు ఇంకో ఏడాది పెట్టుకోవచ్చు. యాభై అయిదులో ఓడిపోనీ. ఓడిపోయిన పిల్ల ఇంటికొచ్చి ఏడ్చి అన్నం తింటుంది. అంతకంటే ఏం కావాలి?

దీంతో పాటు చిన్న చీటీ పెట్టాను, పిడుగుకి. నా అడ్రసు, "ఎప్పుడైనా రా" అని ఒక్క మాట. అంతే. నువ్వు చదువుకోవచ్చు. కానీ దానికి ఇవ్వు.

అక్క

*

ఆసుపత్రి వరండా
జులై 23

అక్కా,

ఇది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. ఏం జరిగిందో జరిగినట్టు రాస్తాను.

తూకం సరిపోయింది. నలభై ఎనిమిది కిలోల తొమ్మిది వందలు. ముందురోజు నుంచి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. కాటా దిగుతూ నా వైపు చూసి నవ్వింది. పెదాలు పగిలి ఉన్నాయి, నవ్వితే రక్తం వచ్చింది. నేను బొటనవేలితో తుడిచి "శభాష్" అన్నాను.

మొదటి ఎత్తు బాగా లేచింది. రెండోసారి బరువు భుజాల మీదికి తెచ్చుకుని కూర్చుంది. లేవబోతుండగా చప్పుడు వినిపించింది. ఇనుము చప్పుడు నాకు తెలుసు. అది ఇనుము కాదు. బరువు ముందుకి దొర్లిపోయింది, పిడుగు పక్కకి ఒరిగిపోయింది. అరవలేదు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుంటే "నాన్నా, మూడో ఛాన్సు ఉందిగా" అంది.

తుంటి దగ్గర తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి మరలు వేశారు. డాక్టరు నన్ను గదిలోకి పిలిచి ఎక్స్‌రే ఫిల్మ్ చూపించాడు. "ఇది ఇవాళ విరిగింది కాదు. నాలుగైదు నెలల కిందే చిన్న బీట పడింది. దాని మీదే బరువులు ఎత్తించారు" అన్నాడు. తర్వాత, "ఈ ఎముకలు పదిహేడేళ్ళ పిల్లవి కావండీ. మా అమ్మమ్మవి ఇలా ఉండేవి. ఎనిమిది నెలలుగా నెలసరి లేదంది. మీకెవరూ చెప్పలేదా?" అన్నాడు.

చెప్పారు అనలేకపోయాను.

ఎనిమిది నెలలు. అంటే నీకు మొదటి ఉత్తరం రాసేనాటికే మొదలైంది. తిండి తగ్గించడం నేను నవంబర్లోనే మొదలుపెట్టాను అక్కా. నిన్నడగకముందే నిర్ణయించేసుకున్నాను. నువ్వు 'చెయ్యి' అంటే విందామని అడిగాను, అంతే.

నీ చీటీ దానికి ఇవ్వలేదు. నా నోటుబుక్కులో ఉంది.

ఇంకొకటి కూడా ఉంది. ఇది రాయకుండా కాగితం మడిస్తే నేను మనిషిని కాను. ఆ చక్కెర తిన్నది నేను. వెన్న తిన్నదీ నేనే. బీరువా వెనక చెక్క ఊడి ఉండేది, నా చెయ్యి సన్నం కాబట్టి దూరేది. నెలరోజులు తిన్నాను. అమ్మ డబ్బా చూసి కేకలేస్తే అందరూ నీ వైపే చూశారు. లావుగా ఉన్నది నువ్వే కదా. ఎవరూ నన్ను అడగను కూడా అడగలేదు. ఆదివారం నాన్న నిన్ను గోదాముకి తీసుకెళ్ళి సరుకుల కాటా మీద నిలబెట్టాడు, నన్ను కూడా చూడమని తీసుకెళ్ళాడు. కూలీలు చుట్టూ చేరారు. ఒకడు "దీన్ని ఏ ఊరికి బుక్ చెయ్యాలి సార్?" అన్నాడు. నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను. నా నాలుక మీద అప్పటికింకా చక్కెర తీపి ఉంది.

ఆ తర్వాత వారమే కదా, "దీన్ని ఇంట్లో ఉంచితే మనకి మిగలదు" అని నిన్ను ఆసుపత్రి వంటగదిలో పనిచేసే పెద్దమ్మ దగ్గరికి పంపేశారు. నీకు పదమూడేళ్ళు. బడి మానిపించారు. నేను బడికి వెళ్ళాను.

పిడుగు కళ్ళు మూసుకుని ఉంది. లేచినప్పుడు సూపు తీసుకెళ్తే మొహం గోడవైపు తిప్పుకుంటోంది. నా చేత్తో ఇస్తే తినట్లేదు.

నువ్వు రా అక్కా.

తమ్ముడు

*

నా ఇల్లు, రెండో అంతస్తు
సెప్టెంబర్ 3

తమ్ముడికి,

ఆసుపత్రిలో నువ్వు నాతో మాట్లాడాలని చూశావు. నేను మాట్లాడలేదు. పిల్లని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, మందుల సంచీ తీసుకుని వచ్చేశాను. అక్కడ నోరు విప్పితే వరండాలో ఉన్న రోగులు కూడా లేచి వచ్చేవాళ్ళు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

చక్కెర సంగతి నాకు తెలుసు. అప్పుడే తెలుసు. నీ చొక్కాలు ఉతికింది నేను కాదూ? జేబు మూలల్లో చక్కెర గట్టిపడి రాయిలా ఉండేది. గోరుతో గీకి తీశాను. ఎవరికీ చెప్పలేదు. నీకు ఆరేళ్ళు. నాన్న అరచెయ్యి నీ వీపంత ఉండేది. నా ఒంటికైతే దెబ్బ కండలోకి పోతుందిలే అనుకున్నాను. లావుగా పుట్టినందుకు నేను సంతోషపడ్డది ఆ ఒక్కరోజే.

ఇంకో మాట కూడా అనుకున్నాను. వీడు పెద్దయ్యాక ఎప్పుడో ఒకరోజు చెబుతాడని. నీ పెళ్ళిలో చెబుతావనుకున్నాను. నాన్న పోయినప్పుడు చెబుతావనుకున్నాను. నీ భార్య పోయాక, నేను పిల్లని అడిగినప్పుడు, కనీసం ఆ రోజైనా గుర్తొస్తుందనుకున్నాను. గుర్తొచ్చింది నీకు. గుర్తొచ్చే బస్తా అన్నావు. ఏప్రిల్లో మళ్ళీ నన్నే దొంగని చేసి రాశావు. ఆ కాగితం చదివినప్పుడు నాకు కోపం రాలేదు. భయమేసింది. నలభై ఏళ్ళు చెప్పిన అబద్ధం నువ్వే నమ్మేశావా అని. చివరికి నిజం నీ నోటినుంచి రావడానికి నీ కూతురి ఎముక విరగాల్సి వచ్చింది. దీన్ని నేను క్షమించాలా? నాకు చేతకావట్లేదు. నా సంగతంటే ఎప్పుడో మర్చిపోయేదాన్ని. ఆ కాటా మీంచి నన్ను దింపేసి పిడుగుని ఎక్కించావు. అది మర్చిపోలేను.

ఇక్కడ కాటా లేదు. బజార్లో కూరగాయలవాడి దగ్గర తప్ప ఇంకెక్కడా చూపించను. మా డాక్టరమ్మ వారం వారం వచ్చి చూస్తోంది. వెంట తెచ్చుకున్న కాటా మీద బరువు చూసేటప్పుడు పిల్లని వెనక్కి తిప్పి నిలబెడుతుంది, అంకె దానికి చెప్పదు. పిడుగు ఇప్పుడు కర్ర పట్టుకుని వంటింటి దాకా నడుస్తోంది. మళ్ళీ బరువులెత్తడం ఈ జన్మకి లేదని చెప్పేశారు. ఆ మాట విన్నప్పుడు ఏడవలేదు. "అయితే ఇంక ఎంత ఉన్నా పర్లేదా?" అని అడిగింది. డాక్టరమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

మొదట్లో అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నావైపు చూసేది. నేను తల ఊపితే మింగేది. ఊపకపోతే అలాగే ఉంచుకునేది. అందుకని నేనిప్పుడు ఎదురుగా కూర్చోను. పక్కన కూర్చుని, కిటికీలోంచి చూస్తూ తింటాను.

వచ్చి చూస్తానని రెండుసార్లు కబురు పంపావు. దాన్నే అడిగాను, "మీ నాన్నని రమ్మననా?" అని. "వస్తే ఏం అడుగుతాడు అత్తా? ఎంత ఉన్నావు అనేగా" అంది.

కాబట్టి ఇప్పుడు రాకు. దాన్ని ఇంకేదైనా అడగగలవేమో ముందు చూసుకో.

అక్క

*

ఇల్లు
అక్టోబర్ 9

అక్కా,

నీ ఉత్తరం చేరి నెల దాటింది. క్షమించమని అడగను. అడిగే మొహం లేదు.

క్లబ్బువాళ్ళు నన్ను పొమ్మనలేదు. పొమ్మంటే బాగుండేది. "మీ తప్పేముంది సార్, ఆటల్లో దెబ్బలు మామూలే" అన్నారు. సరిగ్గా నేను నీకు రాసిన మాటే. పోయిన వారం ఒకాయన తన కూతుర్ని తీసుకొచ్చాడు, పన్నెండేళ్ళుంటాయి. "ఏ విభాగంలో దించితే పతకం వస్తుంది సార్? మీరెంత తగ్గించమంటే అంత తగ్గిస్తాం" అన్నాడు. ఆ పిల్ల తన పొట్ట లోపలికి పీల్చి నిలబడి ఉంది. నేను లేచి బయటికి వచ్చేశాను. కాసేపటికి కిటికీలోంచి చూస్తే మా అసిస్టెంటు ఆ పిల్లని కాటా ఎక్కిస్తున్నాడు. నేను వెళ్ళి ఆపలేదు. ఆపాల్సింది. ఇది కూడా నీకు చెబుతున్నాను, మళ్ళీ నలభై ఏళ్ళు దాచకుండా.

నువ్వు చెప్పినట్టు కూర్చుని ఆలోచించాను. దాన్ని ఏం అడగాలా అని. కాగితం ముందు పెట్టుకున్నాను. ఎంత తిన్నావు, ఎంతసేపు పడుకున్నావు, నొప్పి ఎంత ఉంది, ఇవే వస్తున్నాయి. అన్నీ ఎంత, ఎంత. నోటుబుక్కులు తీశాను. నాలుగేళ్ళవి. ఏ తారీఖున ఎన్ని గ్రాములుందో చెప్పగలను. దాని స్నేహితురాలి పేరు తెలియదు. బళ్ళో ఏ పాఠం ఇష్టమో తెలియదు. ఇంట్లో ఎప్పుడైనా పాట పాడిందో లేదో గుర్తులేదు. నోటుబుక్కులు చించేద్దామని చూశాను. చేతులు రాలేదు. అది ఎదిగిన గుర్తులు నా దగ్గర ఇంకేమీ లేవు.

చివరికి ఒక ప్రశ్న దొరికింది. సిగ్గుగా ఉంది, తండ్రి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇన్నాళ్ళకి దొరికినందుకు. నేను వచ్చి అడగను. నువ్వే అడిగి రాయి. పిడుగుకి తినడానికి ఏది ఇష్టం?

తమ్ముడు

*

నా ఇల్లు, రెండో అంతస్తు
అక్టోబర్ 17

తమ్ముడికి,

నీ ఉత్తరం వచ్చిన మధ్యాహ్నమే అడిగాను. వంటింట్లో కుర్చీలో కూర్చుని ఉంది, కర్ర గోడకి ఆనించి. నేను కింద కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్నాను.

"మీ నాన్న ఒక ప్రశ్న పంపాడు. నీకు తినడానికి ఏది ఇష్టమని" అన్నాను.

"నాన్నా? నిజంగా అలాగే అడిగాడా?" అని కాగితం లాక్కుంది. ఆ ముక్క ఉన్నచోట వేలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. మిగతాదీ చదివింది. కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

తర్వాత ఆలోచించడం మొదలుపెట్టింది. పరీక్షలో జవాబు తెలియని పిల్లలా కింది పెదవి కొరుక్కుంటూ. చిక్కుళ్ళు అయిపోయాయి. గిన్నె కడిగాను. పొయ్యి మీద నీళ్ళు మరిగాయి. ఇంకా ఆలోచిస్తూనే ఉంది. నేను తొందర పెట్టలేదు.

చివరికి, "ఉడకబెట్టిన గుడ్డు అని రాయత్తా. తెల్లది మాత్రమే, పచ్చసొన లేకుండా" అంది.

"అది నీకిష్టమా?"

"ఏమో. అదైతే నాన్నకి కోపం రాదు."

అక్క